రేవు తరలిపోయిన పట్టణం: బందరు స్థలనామాలు, చేతిపనులు, దర్శనీయస్థలాలు - పరిశీలన

వ్యాససంగ్రహం:
కృష్ణాజిల్లా కేంద్రమైన మచిలీపట్నం 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు. నేటి పర్యాటక సమాచారంలో ఈ పట్టణానికి మంగినపూడి సముద్రతీరం తప్ప వేరే గుర్తింపు అరుదుగా కనిపిస్తుంది. చూపుకు నిండైన పురాతనకట్టడాలు ఇక్కడ తక్కువ కావడమే ఇందుకు ప్రధానకారణం. అయితే రేవు చరిత్ర ఇక్కడ రాతిలో కంటే పేటల పేర్లలోను, అద్దకపు బట్టలోను, జనం నోటిమాటలోను ఎక్కువగా నిలిచి ఉంది. ఈ ఆధారాలను దర్శనీయస్థలాలుగా ఎలా చదువుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొత్త ఓడరేవు నిర్మాణం మొదలైన సందర్భంలో ఈ పరిశీలన అవసరమని భావిస్తున్నాను.

కీలకపదాలు: మచిలీపట్నం, బందరు, ఓడరేవు, స్థలనామాలు, పరాసుపేట, వలందపాలెం, పెడన, కలంకారీ, మంగినపూడి.

1. ప్రవేశిక:

విజయవాడ నుంచి ఆగ్నేయదిశగా సుమారు 70 కిలోమీటర్లు వెళితే మచిలీపట్నం వస్తుంది. ప్రభుత్వ కాగితాల్లో, రైల్వే ఫలకాల మీద ఉన్న ఆ పేరును జిల్లావాసులు మాటల్లో వాడడం తక్కువ, వారికది 'బందరు'. విజయవాడ నడిబొడ్డున ఉన్న మహాత్మాగాంధీ రోడ్డును నేటికీ జనం బందరురోడ్డనే అంటారు. ఆ ఊరికి వెళ్ళే కాలువ బందరుకాలువ, ఆ ఊరి మిఠాయి బందరులడ్డు. ఇంత వాడుకలో ఉన్న పేరుగల ఊరిని చూడడానికని పనిగట్టుకొని వెళ్ళేవారు మాత్రం తక్కువ. కార్తికమాసంలో సముద్రస్నానానికి వచ్చేవారు, జిల్లా కార్యాలయాల్లో పనిపడినవారు, బంధువులున్నవారు వెళతారు. పుదుచ్చేరికో, కొచ్చికో, తరంగంబాడికో చరిత్ర కోసం వెళ్ళే తెలుగు యాత్రికుడు, తన భాషాప్రాంతంలోనే ఉన్న, వాటిలో కొన్నింటికంటే ముందే పేరుపొందిన ఈ రేవును దాటిపోతాడు.

దీనికి యాత్రికుణ్ణి తప్పుపట్టనక్కర లేదు. పుదుచ్చేరిలో వీథులున్నాయి, తరంగంబాడిలో కోట ఉంది, కొచ్చిలో చర్చీలు, గిడ్డంగులు ఉన్నాయి. బందరులో అలాంటివి కంటికి ఆనవు. 1864 ఉప్పెన కొంత తుడిచిపెట్టింది. వ్యాపారం తరలిపోయాక మిగిలినదాన్ని కాలం తినేసింది. అంచేత 'బందరులో చూడవలసినవి ఏమున్నాయి?' అని అడిగితే వచ్చే జాబితా సముద్రతీరం, పాండురంగడి గుడి, లడ్డు దగ్గర ఆగిపోతుంది. జాబితాలో తప్పు లేదు. కాని రేవు అనే మాట లేకుండా బందరును వర్ణించడం, గోపురం ప్రస్తావన లేకుండా తంజావూరును వర్ణించడం వంటిది.

2. పేరు - తీరస్వభావం:

క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందినదిగా భావించే 'పెరిప్లస్' అనే గ్రీకు నావికగ్రంథం ఈ తీరంలో మసాలియా అనే ప్రాంతాన్ని, అక్కడ నేసే సన్నని నూలుబట్టలను పేర్కొంది. 2వ శతాబ్దపు భూగోళకారుడు టాలెమీ దానినే మైసోలియా అన్నాడు. ఇది కృష్ణాముఖద్వార పరిసరప్రాంతమని చరిత్రకారులు ఎక్కువమంది అంగీకరిస్తారు. అయితే అది ఒక తీరప్రాంతానికి పేరు. నేటి పట్టణానికి పేరు కాదు. టాలెమీ చెప్పిన కంటకోసిలను బందరుకు సమీపంలోని ఘంటసాలగా గుర్తించారు. అక్కడి బౌద్ధస్తూపావశేషాలు, పురావస్తుప్రదర్శనశాల చూసినవారికి ఈ తీరపు సముద్రవ్యాపారం ఎంత పాతదో అర్థమవుతుంది. కాకతీయుల కాలంలో ప్రాముఖ్యం దక్షిణాన ఉన్న మోటుపల్లిది. గణపతిదేవుడి అభయశాసనం అక్కడిదే, మార్కోపోలో రాసిన 'ముట్‌ఫిలి' కూడా అదే. ఈ తీరంలో రేవులు ఒకచోట స్థిరంగా నిలవలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. నది తెచ్చే ఒండ్రు తీరాన్ని ముందుకు తోస్తుంటే రేవు కూడా ఊరు మారుతూ వచ్చింది.

మచిలీ అనే మాటను 'చేప' అనే హిందీ-ఉర్దూ అర్థంతో ముడిపెట్టే కథలు స్థానికంగా ఉన్నాయి. మసాలియా, మసూల, మచిలీ - ఈ ధ్వనిసామ్యం ఆకర్షణీయమైనదే కాని, దాన్నిబట్టి రెండు వేల సంవత్సరాల అవిచ్ఛిన్నతను నిరూపించలేం. 'బందరు' విషయంలో అలాంటి సందేహం లేదు. పారసీకంలో బందర్ అంటే ఓడరేవు. ఇరాన్ తీరంలో బందర్ అబ్బాస్ ఉంది. అక్కడ రేవుకు పక్కన మరో పేరు తగిలించారు. తెలుగువాళ్ళు ఆ అవసరం లేకుండా 'రేవు' అనే సామాన్యనామాన్నే ఊరి పేరు చేసుకున్నారు. చుట్టుపక్కల రేవంటే ఇదొక్కటే అన్న కాలం ఒకటి ఉండేదని ఆ పేరే చెబుతుంది.

ఇక్కడి తీరం లోతు తక్కువ, అడుగు బురద. పెద్ద ఓడలు తీరానికి కొన్ని మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి; సరుకు, మనుషులు పడవల మీద ఒడ్డుకు చేరేవారు. ఈనాటి దృష్టికి ఇది లోపంగా కనిపిస్తుంది. 17వ శతాబ్దపు నావికుడికి మెత్తని అడుగులో లంగరు పట్టడం, కెరటాల తాకిడి తక్కువగా ఉండడం సౌకర్యాలు. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే బంగాళాఖాతంలో ఇది అత్యుత్తమమైన ఓడల మజిలీ అని మెచ్చుకొని, పెగూ, సయాం, ఆరకాన్, బెంగాల్, మక్కా, హోర్ముజ్ వంటి చోట్లకు ఇక్కడి నుంచి ఓడలు బయలుదేరుతాయని రాశాడు. ఓడలు పెరిగి, లోతైన నీరు, ధక్కాలు అవసరమైన కాలానికి అదే తీరం రేవుకు శత్రువైంది. బందరు ఎదుగుదలకు, క్షీణతకు రాజకీయకారణాలు అనేకం చెబుతారు. అన్నింటి వెనుకా ఈ బురదనేల ఉంది.

3. గోల్కొండకు ద్వారం:

కుతుబ్‌షాహీల రాజ్యానికి నూలుబట్టలు, వజ్రాలు, ఇనుము, నీలిమందు ఉన్నాయి. వాటిని అమ్ముకోవడానికి సముద్రం కావాలి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు, తీరగ్రామాల బట్టలు బయటి ప్రపంచానికి చేరే ద్వారం బందరైంది. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు, ఉద్యోగులు ఇక్కడ పెద్దసంఖ్యలో ఉండేవారు. తరువాతి కాలంలో మొగలు సామ్రాజ్యంలో మీర్‌జుమ్లాగా ప్రసిద్ధుడైన మహమ్మద్ సయీద్ ఇరానునుంచి వచ్చినవాడే. ఈ రేవు పరిపాలన అతని ఎదుగుదలలో ఒక మెట్టు.

ఐరోపావారిలో డచ్చివారు 1606 ప్రాంతంలో ఇక్కడ వర్తకస్థానం స్థాపించారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషువారు కోరమాండల్ తీరంలో తమ తొలి స్థిరమైన వర్తకస్థానాన్ని ఇక్కడే నెలకొల్పారు. ఈ విషయాన్ని కొంచెం నొక్కిచెప్పాలి. చెన్నపట్నం స్థలం ఇంగ్లీషువారికి దక్కింది 1639లో. అంటే ఈ తీరంలో వారి వ్యాపారం చెన్నపట్నానికంటే పావుశతాబ్దానికి పైగా ముందే బందరులో మొదలైంది. ఇక్కడ స్థానికాధికారులతో తగాదాలు, డచ్చివారి పోటీ భరించలేక వారు ఒకసారి వెళ్ళిపోయి తిరిగివచ్చారు. 1632లో గోల్కొండ సుల్తాను నుంచి 'బంగారు ఫర్మానా' పొందారు. అయినా చివరికి తమ సొంత కోట కట్టుకోగల చోటును వెదుక్కున్నారు. 1669లో ఫ్రెంచివారు అనుమతి పొంది వచ్చారు. 1687లో గోల్కొండ పతనంతో రేవు వెనుక ఉన్న రాజ్యమే పోయింది. 1750లో పట్టణం ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సేన బురదనేల మీదుగా రాత్రివేళ కోటను ముట్టడించి పట్టుకుంది. ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివారి పట్టు దానితో ముగిసింది.

4. పేటల పేర్లు:

ఈ చరిత్రకు బందరులో ప్రదర్శనశాల అక్కరలేదు. ఆటో ఎక్కి పేటల పేర్లు చెబితే చాలు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట, ఫ్రెంచిపేట - ఇవన్నీ నేటి పట్టణంలోని చిరునామాలు. తపాలా బట్వాడా అయ్యే పేర్లు.

వలందులు అంటే డచ్చివారు. హాలండు అనే మాట తెలుగువారి చెవికి 'వలందు'గా వినిపించింది. పరాసులు అంటే ఫ్రెంచివారు. 'ఫ్రాన్సే' అన్న ఉచ్చారణలోని తొలి సంయుక్తాక్షరం తెలుగు నాలుకపై విడిపోయి 'పరాసు' అయింది. పదాదిలో ఫకారం, దానికి రేఫ చేరిక తెలుగుకు సహజం కావు కాబట్టి 'ఫ్ర' అన్నది 'పర' కావడం భాషాశాస్త్రరీత్యా ఎదురుచూడదగిన మార్పే. పరంగి, బుడతకీచు అనే మాటలు కూడా ఈ కోవలోనివే. రెండు పేటల్లో ఒకటి పరాసుపేట, మరొకటి ఫ్రెంచిపేట కావడం మరింత ఆసక్తికరం. ఒకే జాతిపేరు ఒకసారి నేరుగా ఆ జాతి నోటి నుంచి విని తెలుగు చేసుకున్నది, మరొకసారి ఇంగ్లీషు ద్వారా వచ్చినది. మొదటిది కంపెనీల కాలపు వాడుక, రెండవది ఇంగ్లీషు పాలన స్థిరపడిన తరువాతి వాడుక అని ఊహించడానికి అవకాశముంది. ఒక పట్టణంలో రెండు వందల ఏళ్ళ రాజకీయ మార్పును రెండు పేర్ల మధ్య తేడాలో చూడగలగడం అరుదు.

ఫ్రెంచిపేట విషయంలో పేరొక్కటే కాదు, చట్టం కూడా చాలాకాలం నిలిచింది. 1759లో కోట పోయినా, ఆ తరువాతి ఒప్పందాల వల్ల బందరులో ఒక చిన్న వర్తకస్థలం ఫ్రెంచివారికి మిగిలింది. అలాంటి స్థలాన్ని వారి భాషలో 'లోజ్' అంటారు. సూరత్ వంటి ఇతర చోట్లున్న లోజ్‌లతోపాటు దీనిని 1947 అక్టోబరులో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలల తరువాత, భారతదేశానికి అప్పగించారు. యానాము గురించి తెలిసిన తెలుగువారిలో కూడా బందరులో ఫ్రెంచి నేల ఒకటి 1947 దాకా ఉందని తెలిసినవారు తక్కువ.

ఈ పేటల్లో నడిచేవారికి ఆనాటి భవనాలు ఎదురవుతాయని ఆశ పెట్టుకోకూడదు. కనిపించేవి పెంకుటిళ్ళు, కొత్త డాబాలు, కిరాణాదుకాణాలు. కాని ఏ పేట కాలువకు ఏ పక్క ఉంది, కోట వైపు వెళ్ళే దారిలో ఏది ముందు వస్తుంది, ఏది వెనుక వస్తుంది అని గమనిస్తూ నడిస్తే, ఒకరికొకరు గిట్టని వర్తకజాతులు ఒక సుల్తాను నేల మీద ఎంత దగ్గరదగ్గరగా బతికాయో తెలుస్తుంది.

5. కోట - సమాధులు - ఉప్పెన:

పట్టణానికి తూర్పున, సముద్రం వైపు బందరుకోట ఉంది. కోట అనే మాటకు మనసులో మెదిలే బురుజులు, ఎత్తయిన గోడలు ఇక్కడ లేవు. చిత్తడినేల మధ్య విడివిడిగా నిలిచిన పాత కట్టడాల అవశేషాలు, ఆయుధాగారంగా చెప్పే శిథిలం చూడవచ్చు. 1759 నాటి ముట్టడిని అర్థం చేసుకోవడానికి శిథిలం కంటే చుట్టూ ఉన్న నేల ఎక్కువ ఉపకరిస్తుంది: ఈ బురదే తమకు రక్షణ అని కోటలోనివారు నమ్మారు, బయటివారు ఆ బురదలోంచే నడిచివచ్చారు.

డచ్చివారి సమాధిస్థలం బందరులో మిగిలిన ఐరోపా అవశేషాలన్నింటిలో విలువైనది. 17వ శతాబ్దం నాటి సమాధిఫలకాల మీద కుటుంబచిహ్నాలు, డచ్చిభాషలో లేఖనాలు లోతుగా చెక్కి ఉన్నాయి. పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ రే మద్రాసు రాజధానిలోని డచ్చి అవశేషాలపై 1897లో ప్రచురించిన గ్రంథంలో వీటికి చోటిచ్చాడు. ఇది కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోని స్థలం. రాళ్ళను చదవడం రాకపోయినా, ఆ చెక్కుడుపని చూడడానికే ఇక్కడికి వెళ్ళవచ్చు. కొలనులు, వృక్షాలు లేని ఎండలో ఒక గంట గడపడానికి సిద్ధపడి ఉదయమే వెళ్ళడం మంచిది.

సెయింట్ మేరీ చర్చి గురించి స్థానికంగా ఒక ప్రేమకథ చెబుతారు. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి సమాధి పైన, ఆమెను ప్రేమించిన జాన్ పేటర్ అనే సైనికాధికారి ఈ చర్చిని కట్టించాడని దాని సారాంశం. గైడు చెప్పే కథలో అలంకారాలు పెరుగుతూ వచ్చాయి. సమాధి, చర్చి మాత్రం ఉన్నవే.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోపాటు లేచిన ఉప్పెన పట్టణాన్ని, చుట్టుపక్కల పల్లెలను ముంచింది. సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్క. పల్లపు తీరం, లోతు తక్కువ సముద్రం కలిసినచోట గాలి తోసిన నీరు ఎత్తుగా లేచి లోపలికి చాలాదూరం వస్తుంది. ఓడలకు నిశ్చలమైన మజిలీ ఇచ్చిన లక్షణమే ఉప్పెన తీవ్రతకు కారణం కావడం ఈ తీరం విషాదం. 1977 నవంబరు 19న ఇదే జిల్లాలోని దివిసీమ అదే విధంగా మునిగింది. బందరు వృద్ధులు కాలాన్ని లెక్కించే పద్ధతిలో ఇప్పటికీ 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తరువాత' అన్న మాటలు వినవచ్చు. వారి ఉద్దేశం 1977.

6. పెడన అద్దకం:

బందరుకు సుమారు పది కిలోమీటర్ల లోపు దూరంలో, గుడివాడ నుంచి వచ్చే రైలుమార్గంలోనే పెడన ఉంది. మచిలీపట్నం కలంకారీ పేరుతో లోకానికి తెలిసిన అచ్చు అద్దకం ఈనాడు ప్రధానంగా జరిగేది ఇక్కడ. బందరు యాత్రలో ఒక్కచోటికే సమయముంటే ఇక్కడికే వెళ్ళాలన్నది నా అభిప్రాయం. ఎందుకంటే రేవు చరిత్రలో ఇంకా ప్రాణంతో ఉన్న భాగం ఇదే.

కలంకారీ అనే మాట పారసీకపదం. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో కలంతోనే గీస్తారు, దేవతాకథలను చిత్రిస్తారు. పెడనలో కలం స్థానంలో టేకు అచ్చు వచ్చింది. దేవతల స్థానంలో లతలు, పువ్వులు, సరుగుడును తలపించే సర్వవృక్షాలు, మామిడిపిందెలు, మిహ్రాబు ఆకృతులు వచ్చాయి. ఈ భేదం కళాకారుల అభిరుచిభేదం కాదు, కొనుగోలుదారుల భేదం. కాళహస్తి బట్ట గుడికి, రథానికి. బందరు బట్ట ఓడకు. ఇరాన్ ఇళ్ళలో ప్రార్థనకు పరచుకొనే బట్ట, గోడకు వేలాడదీసే తెర, ఐరోపా ఇళ్ళలో మంచం మీది దుప్పటి - ఎవరికేది కావాలో దాన్ని ఇక్కడివారు వేశారు. బయటివారి కోరికను తమ చేతిపనిలోకి ఇంతగా ఇముడ్చుకున్న సంప్రదాయాన్ని 'పరాయి ప్రభావం' అని తీసిపారేయడం సరికాదు.

పనితీరు చూడదగినది. మొదట నూలుగుడ్డను ఉడికించి, ఉతికి, ఆరబెట్టి గంజి, జిడ్డు పోగొడతారు. తరువాత కరక్కాయపొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని వగరుద్రవ్యం రంగును పట్టుకొంటుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ఇనుపతుక్కు, బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రావణాన్ని అచ్చుతో అద్దితే, కరక్కాయ పట్టిన బట్ట మీద అది నల్లగా మారుతుంది. ఎరుపుకు అద్దేది ఎరుపురంగు కాదు, పటిక. అద్దినప్పుడు అక్కడ రంగేమీ సరిగా కనబడదు. గుర్తు కోసం కొద్దిగా వేరే రంగు కలుపుతారు. ఆ తరువాత బట్టను పారే నీటిలో జాడించి, రంగువేరు, జాజి ఆకు వేసిన రాగిబానల్లో మరిగిస్తారు. పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టుకొని బయటపడుతుంది. మరుగుతున్న బానలోంచి బట్టను కర్రతో ఎత్తినప్పుడు, కనబడని చిత్రం కనబడడం ఒక్కసారైనా చూడవలసిన దృశ్యం.

ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరునుంచి వచ్చేది. తీరపు ఇసుకనేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేరులోని రంగుకోసం 17వ శతాబ్దపు వర్తకులు పోటీపడ్డారు; నిజాంపట్నం పరిసరాల వేరు మేలైనదని పేరు. 1869లో ఐరోపాలో ఆ రంగుద్రవ్యాన్నే రసాయనికంగా తయారుచేసే పద్ధతి కనుగొన్నాక వేరు తవ్వేవారికి పని పోయింది. ఇప్పటి పెడనలో సహజరంగులు, రసాయనరంగులు రెండూ వాడతారు. తెరఅచ్చుతో, యంత్రంతో వేసిన బట్టలు కూడా కలంకారీ పేరుతోనే దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళికసూచిక గుర్తింపు వచ్చినా, కొనేవారికి తేడా తెలియనంతవరకు ఆ గుర్తింపు కాగితానికే పరిమితం. తేడా పట్టుకోవడం కష్టం కాదు. చేతి అచ్చులో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యేచోట వెంట్రుకవాసి ఎడమో, ఒరపో కనిపిస్తుంది. ఒకే పువ్వు గజం పొడవునా కొద్దికొద్దిగా మారుతుంది. యంత్రపు బట్టలో పువ్వులన్నీ ఒకే పువ్వు.

అచ్చులు చెక్కేవారి పని వేరే చూడాలి. ఒక నమూనాలో ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు కావాలి. గీతల అచ్చు ఒకటి, నింపుడు అచ్చులు వేరు. టేకుచెక్క మీద లోతుగా, నిలువుగా చెక్కకపోతే అంచుల్లో రంగు పేరుకుంటుంది. అద్దేవారి కంటె చెక్కేవారు చాలా తక్కువమంది. ఈ కళకు అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎండ, పారే నీరు లేకపోతే పని సాగదు కాబట్టి వానాకాలంలో వెళితే నిరాశే. నవంబరు తుపాన్లు దాటాక, డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం.

7. లడ్డు - రోల్డుగోల్డు - పాండురంగడు:

బందరులడ్డును తొక్కుడులడ్డు అని కూడా అంటారు. శనగపిండిని పూసగా వేయించి, దంచి పొడిచేసి, బెల్లపుపాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోట్లో తొక్కుతారు. పేరు ఆ తొక్కడం వల్లే. దీనికీ భౌగోళికసూచిక ఉంది. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిని తెచ్చారని స్థానికులు చెబుతారు. నల్లని బందరుహల్వా కూడా బెల్లంతో చేసేదే. రెండింటిలో ఏది మేలన్న వివాదంలోకి ఈ వ్యాసం దిగదు.

చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పేరు. రాగి, ఇత్తడి వంటి లోహం మీద పలుచని బంగారుపూత వేసే ఈ పని ఎంత వ్యాపించిందంటే, 'చిలకలపూడి బంగారం' అన్నది తెలుగులో నకిలీకి పర్యాయపదమైంది. ఆ పనివారికి ఈ మాట న్యాయం చేయదు. పూత అని చెప్పి అమ్మే సరుకులో మోసం లేదు. భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి ఆలయం కూడా చిలకలపూడిలోనే ఉంది. కార్తికమాసంలో ఇక్కడి ఉత్సవాలకు, మంగినపూడి స్నానాలకు జనం ఒకే యాత్రగా వస్తారు.

8. ఓడలు పోయాక:

వ్యాపారం పోయిన రేవుపట్టణాలు సాధారణంగా నిద్రపోతాయి. బందరు అలా నిద్రపోలేదు. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల నోబుల్ కళాశాలగా ఎదిగింది. హిందూ ఉన్నతపాఠశాలలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఉపాధ్యాయులు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యులు. 1902లో ఇక్కడ మొదలైన కృష్ణాపత్రికను 1907 నుంచి 1945లో మరణించేవరకు ముట్నూరి కృష్ణారావు నడిపారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కృషితో 1910లో ఆంధ్రజాతీయకళాశాల ఏర్పడింది. ప్రమోదకుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ప్రధానాచార్యులుగా పనిచేశారు, జాతీయపతాక రూపకల్పనతో పేరుపొందిన పింగళి వెంకయ్య అధ్యాపకులు. 1923 నవంబరులో పట్టాభి ఈ ఊళ్ళోనే ఆంధ్రాబ్యాంకును స్థాపించారు. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఈ సంస్థలు, వీటి స్థలాలు ఒకదానికొకటి నడకదూరంలో, లేదా ఆటోలో పది నిమిషాల్లో ఉన్నాయి. తెలుగు సాహిత్యవిద్యార్థికి ఇదొక పూటంతా పట్టే దర్శనం.

9. మంగినపూడి - కొత్త రేవు:

మంగినపూడి తీరం పట్టణానికి సుమారు 11 కిలోమీటర్లు. విశాఖ తీరం చూసిన కళ్ళకు ఇక్కడి నల్లనేల, మెల్లగా వాలే లోతులేని నీరు మొదట వెలితిగా అనిపించవచ్చు. నీటిలోకి చాలాదూరం నడిచినా మోకాలు దాటని ఆ సముద్రాన్ని చూస్తే, పెద్ద ఓడ ఇక్కడికి ఎందుకు రాలేకపోయిందో పుస్తకం అక్కరలేకుండా తెలుస్తుంది. లోతు తక్కువన్న ధైర్యంతో మరీ లోపలికి వెళ్ళకూడదు. అడుగున బురద కాలిని పట్టేస్తుంది. చేపలరేవు చూడదలచినవారు గిలకలదిండికి తెల్లవారుజామునే వెళ్ళాలి.

అనేక వాయిదాల తరువాత 2023 మేలో కొత్త ఓడరేవు నిర్మాణం ప్రారంభమైంది. తొలిదశలో నాలుగు బెర్తులు. నాలుగు వందల ఏళ్ళపాటు ఓడను మైళ్ళ దూరంలో ఆపిన బురదను తవ్వి మార్గం చేయడం, దాన్ని మళ్ళీ పూడిపోకుండా చూడడం ఇందులోని ఇంజనీరింగు సమస్య. ఉపాధి కోసం వలసపోయే ఈ ప్రాంతపు యువకులకు రేవు కావాలి. ఆ విషయంలో రెండు అభిప్రాయాలు ఉండనక్కర లేదు. అయితే రేవుతోపాటు రహదారులు, గిడ్డంగులు, కాలనీలు వస్తాయి, కొత్త పేర్లు వస్తాయి. పేట పేరు తొలగించడానికి గోడ కూల్చనక్కర లేదు. ఒక నగరపాలకతీర్మానం చాలు. పెడన కాలువల్లో నీరు మురికైతే, ఎరుపు మెరవదు.

పరిశోధకులు ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. బందరు పేటల పేర్లను పాత రిజిస్ట్రీ దస్తావేజుల్లోని రూపాలతో సహా సేకరించడం వీటిలో మొదటిది. డచ్చి సమాధిఫలకాల లేఖనాలకు తెలుగు అనువాదం తయారుకావాలి. పెడనలో అచ్చులు చెక్కే వృద్ధుల మాటల్ని, వారు వాడే పనిముట్ల పేర్లను, నమూనాల పేర్లను రికార్డు చేయాలి. నమూనాల ఆకృతులు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల భద్రంగానే ఉన్నాయి. వాటిని చెక్కేవారు ఏ మాటతో పిలుస్తారన్నది మాత్రం పెడనలోనే దొరుకుతుంది.